పదమూడో బద్ద

నేను లారీ సీట్లు కుట్టేవాణ్ణి.
గుంటూరు ఆటోనగర్లో రెగ్జిను ముక్కల మధ్య
నా కుట్టుమిషను.
ఎదురు షెడ్డు యేసుపాదానిది, లారీ బాడీలు కడతాడు.
ఒకనాడొచ్చి "మీరావలీ, రెక్క కుడతావా?" అన్నాడు,
దిండు గలేబు కుడతావా అన్నట్టు.

నాలుగేళ్ళు పట్టింది.
పగలు లారీలు, రాత్రి అది.
ఇంజను పాత మారుతీ వ్యానుది.
పంకా మాత్రం టేకుతో తానే చెక్కాడు.
మేకుకి వేలాడదీసి, ఎటు ఒరుగుతుందో చూసి,
బరువున్న వైపు ఉప్పుకాయితంతో నాలుగు రుద్దులు,
మళ్ళీ వేలాడదీసి,
అట్లా పదకొండు రాత్రులు.
వాళ్ళావిడ సువార్తమ్మ కారియరు తెచ్చి
"ఇది లేచేలోపు నేను లేచిపోతా పైకి" అని
గిన్నెలు అక్కడే కడుక్కుని పోయేది.
అయినా చక్రాల కింద కాటా పెట్టిన రోజు
ముల్లు చదివింది ఆవిడే.

ఒక ఆదివారం రెక్కని వెల్లకిలా పడుకోబెట్టి బలం చూశాం.
ఇసక మూటలనుకున్నాం గానీ
గుంటూర్లో బరువంటే మిర్చి టిక్కీలే కదా,
యార్డులో అడిగి ఇరవై రెండు తెచ్చాం.
పేరుస్తుంటే కొసలు జానెడు దిగాయి.
యేసుపాదం కిందకి దూరి, చెవి ఆనించి,
కొయ్య ఏమంటుందో విన్నాడు.
మేమంతా ముక్కులు మూసుకుని నిలబడ్డాం,
ఎవడి తుమ్ముకి విరుగుతుందో అని.
టిక్కీలు దించాక
మూట దించుకున్న హమాలీ నడుం నిమురుకుంటూ నిలబడ్డట్టు
నెమ్మదిగా లేచింది రెక్క.
ఘాటు మాత్రం కొయ్యలోనే ఉండిపోయింది.

తర్వాత నా వంతు.
గుడ్డ పరిచి, అతికించి, ఇస్త్రీపెట్టె వేడి చూపిస్తే
ముడతలన్నీ లాక్కుని డప్పులా బిగిసింది.
మైనం పట్టించిన దారం, మూరెడు సూది,
పైనించి కిందకి, కిందనించి పైకి,
రెండు వేళ్ళ ఎడంలో ఒక ముడి.
సీటు కుట్టు ఊడితే డ్రైవరు తిడతాడు.
ఇది ఊడితే తిట్టేవాడుండడు.

పదమూడో బద్ద దగ్గర కరెంటు పోయింది.
సెల్లు వెలుగులో కుట్టాను, నాలుగు ముడులు.
రెండ్రోజుల తర్వాత చూస్తే వాటి ఎడం మూడు వేళ్ళు.
అప్పటికే పూత పడింది.
చెబుదామనుకున్నాను.
చెబుదామనుకుంటూనే, పెయింటరు బెనర్జీ
లారీలకి రాసే చేత్తోనే తోక మీద
"నన్ను చూసి ఏడవకురా" అని రాస్తుంటే
చూస్తూ నిలబడ్డాను.

పెదనందిపాడు అవతల మినుము పీకిన చేను.
నల్లరేగడి మీద రోలరు తిప్పాం.
దోమతెర సంచి కుట్టి కర్రకి కట్టాం, గాలి చెప్పడానికి.
అనుమతి కాయితం ప్లాస్టిక్ కవర్లో, ఆయన చొక్కా జేబులో.
నాలుగు రోజులు నేల మీదే పరుగులు.
అయిదోనాడు రోలెత్తు లేచి దిగింది.
"ఈ పూటకి చాలు" అన్నాడు.
ఆరోనాడు తెల్లారుగట్ల, సంచి ఊగకుండా వేలాడుతుంటే
బెల్టు బిగించుకుని
(అదీ నేను కుట్టిందే)
చెయ్యెత్తాడు.

అందరూ విమానం చూశారు.
నేను ఎడమరెక్కలో పదమూడో గీత చూశాను.
తుమ్మచెట్లు దాటింది. కరెంటు తీగలు దాటింది.
ఎండ తగిలి పలచని గుడ్డలోంచి
బద్దలన్నీ కనపడ్డాయి, ఎక్స్‌రేలో పక్కటెముకల్లా.
పది, పదకొండు... ఒరిగాడు, లెక్క పోయింది.
మళ్ళీ ఒకటి నించి.
సువార్తమ్మ నిమిషాలు లెక్కపెడుతోంది, పైకే.
ఏడు దగ్గర ఆపేసింది.
చక్రాలు నేలకి తగిలి, ఒకసారి ఎగిరిపడి,
మళ్ళీ తగిలి, గట్టు ముందు ఆగాయి.

యేసుపాదం కళ్ళు ఎర్రగా, చెంపల మీద తడి.
"మిర్చి. ఇంకా పోలా" అన్నాడు.
దగ్గరకెళ్ళి పదమూడో బద్ద సంగతి చెప్పాను.
"ఏంటీ?" అన్నాడు, చెవుల్లో ఇంకా ఇంజనే.
మళ్ళీ చెప్పాను.
"అవునవును, అదిరింది!" అని భుజం చరిచాడు.

సాయంత్రం అందరూ పలావు తింటుంటే
రెక్క కింద గోనె పరుచుకుని పడుకున్నాను.
బ్లేడు, మైనం ముద్ద, మూరెడు సూది.
నాలుగు ముడులు కోసి, ఆరు వేశాను.
ఆఖరి ముడి బిగిస్తుంటే
తుమ్మొచ్చింది.